దుంప కడిగిన కోతిపిల్ల

జపాను దేశంలో క్యూషూ దీవిని ఆనుకుని, సముద్రంలో కోషిమా అనే చిన్న దీవి ఉన్నది. అక్కడి కోతులను పరిశీలించే శాస్త్రజ్ఞులు 1952లో వాటికి ఒడ్డున చిలగడదుంపలు వెయ్యసాగారు. కోతులు దుంపలకు అంటిన ఇసుకను చేత్తో దులుపుకుని తినేవి.

1953లో ఒకనాడు ఏడాదిన్నర వయసుగల ఆడ కోతిపిల్ల ఒకటి తన దుంపను వాగులో ముంచి, కడుక్కుని తిన్నది. దానికి "ఇమో" అని పేరు పెట్టారు. జపాను భాషలో ఇమో అంటే దుంప అనే అర్థం!

ఇమోను చూసి దానితో ఆడుకునే పిల్లలు నేర్చుకున్నాయి. తల్లి కూడా కూతురి దగ్గిరే నేర్చుకున్నది. అయిదేళ్ళలో పిల్లకోతులలో చాలా భాగం దుంపలు కడగసాగాయి. పెద్ద మగకోతులకు మాత్రం ఈ విద్య అబ్బలేదు. అవి తెలివితక్కువవని కాదు. పిల్లల మధ్య కూర్చుని తినే అలవాటు వాటికి లేదు, ఇక చూసేదెప్పుడు? తరవాత కొన్ని కోతులు దుంపను సముద్రపు నీటిలో అద్దుకుని తినటం మొదలుపెట్టాయి. ఉప్పు రుచి మరిగాయి కాబోలు.

1956లో ఇసుకలో గోధుమలు చల్లారు. మిగిలిన కోతులు ఒక్కొక్క గింజే ఏరుకుంటూ ఉంటే, ఇమో ఇసుకతోసహా గుప్పెడు తీసి నీళ్ళలో వేసింది. మన ఇళ్ళలో బియ్యం గాలిస్తే రాళ్ళు అడుగున మిగిలినట్టుగా, ఇసుక మునిగిపోయింది. గోధుమలు తేలాయి. ఇమో వాటిని తీరికగా తీసుకుని తిన్నది.