విరిగిన స్టడ్డు

కోటబొమ్మాళికి చేరువలో హరిశ్చంద్రపురం ఉన్నది. హౌరా నుంచి మద్రాసుకు పోయే రైలుదారి మీద ఆ సత్యసంధుని పేరుతో ఒక చిన్న స్టేషను కూడా ఉన్నది. అయినా ఆ ప్రాంతపు రాకపోకలు నేడు రైలు కన్న రోడ్డునే ఎక్కువగా నమ్ముకొన్నవి. పూర్వం అయిదవ నంబరనీ, 2010 తర్వాత పదహారవ నంబరనీ పేరుపడిన జాతీయ రహదారి టెక్కలి మీదుగా పలాస వైపు సాగిపోతుంది. జీడిపప్పు బస్తాలు, కొబ్బరికాయలు, పెళ్ళివారు, వీరందరితోపాటు వారానికి రెండు మూడుసార్లు ప్రయాణం తప్పని వారొకరున్నారు. వారు ఉద్దానపు మూత్రపిండ రోగులు. 2023 డిసెంబరులో పలాసలో వీరి కోసం 200 పడకల ఆసుపత్రి తెరిచారు. డయాలసిస్‌కు ఒక్కొక్క పర్యాయం నాలుగు గంటలు పడుతుంది. వాయిదా తప్పితే ఒంట్లో నీరు నిలిచిపోతుంది. కనుక రోగిని తీసుకుపోయే బాడుగ కారు చెడిపోవడం కేవలం కారు యజమాని కష్టం కాదు.

అటువంటి పాత డీజిల్ కారొకటి సాయంకాలం రోడ్డు పక్క షెడ్డులోకి వచ్చినదనుకొందాం. జబ్బు లక్షణం విచిత్రమైనది. తెల్లవారుజామున చల్లని ఇంజనును కదిలించగానే గోడగడియారం వలె టిక్కుటిక్కుమంటుంది. కొంతదూరం పోయేసరికి ఆ చప్పుడు మాయమవుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం బండికి బలం చాలదు. మేస్త్రీ మూత ఎత్తి టార్చిలైటు వేస్తాడు. పొగగొట్టానికి మొదలైన మానిఫోల్డు అంచున కాటుక దిద్దినట్లు మసి. చివరి నట్టు ఉండవలసిన చోట నట్టు లేదు. లోపల స్టడ్డు విరిగి ఉన్నది.

రెండు కొసలా మరలు కోసిన, తల లేని ఇనుప కడ్డీయే స్టడ్డు. ఒక కొస ఇంజను హెడ్డులోకి దిగుతుంది, రెండవ కొసకు నట్టు బిగిస్తారు. చిటికెన వ్రేలంత లావైనా లేని ఆ కడ్డీలు బరువుకు విరగవు, వేడికి విరుగుతాయి. మానిఫోల్డు పోతయినుము, హెడ్డు చాలా కార్లలో అల్యూమినియము. హెడ్డును నీరు చల్లబరుస్తూ సుమారు వంద డిగ్రీల వద్ద నిలుపుతుంది. మానిఫోల్డుకు ఆ ఊరట లేదు. మంట నుండి వచ్చిన పొగ సరాసరి దానిలోకే పోతుంది. అది అయిదువందల డిగ్రీలు వేడెక్కితే, నలభై సెంటీమీటర్ల పొడవు గలది రెండు మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది. చల్లారితే మళ్ళీ ముడుచుకొంటుంది. ప్రతి ప్రయాణానికీ ఇదే తంతు. మధ్య స్టడ్డుల దగ్గర కదలిక తక్కువ, కొసల దగ్గర ఎక్కువ. అందుకే మొదట విరిగేది సాధారణంగా కొసనున్నదే. దానికి తోడు సముద్రపు ఉప్పుగాలి నట్టును తుప్పుతో అతికించి వేస్తుంది.

స్టడ్డు పోతే సందు ఏర్పడుతుంది. చల్లగా ఉన్నప్పుడు ఆ సందులోంచి పొగ చిమ్మడమే టిక్కు చప్పుడు; ఇనుము సాగి సందు మూసుకొంటే నిశ్శబ్దం. చప్పుడు పోయింది గదా అని యజమాని మిన్నకుంటాడు. అక్కడే మోసం. టర్బో తిరిగేది ఆ పొగ ఒత్తిడితోనే. స్విస్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూకి 1905లో హక్కుపత్రం పొందిన ఉపాయమది: వృథాగా పోయే పొగచేత చక్రం తిప్పించి, ఆ చక్రంతో ఇంజనుకు అదనపు గాలి కూరించడం. నిమిషానికి లక్ష చుట్లకు మించి తిరుగగల ఆ చక్రానికి దారిలోనే పొగ కారిపోతే బలమెక్కడిది? అంతకన్న భయంకరమైన దొకటున్నది. కారిన పొగ ఇంజను గదిలోంచి మనుష్యులు కూర్చున్న చోటికి చేరవచ్చు. అందులోని కార్బన్ మోనాక్సైడుకు రంగూ లేదు, వాసనా లేదు. అద్దాలు బిగించుకొని వెనుక సీటులో పడుకొన్న రోగికి తలనొప్పి, వాంతి వస్తే అది జబ్బు వల్లనే అనుకొంటారు.

"రేపు పొద్దున్నే పలాస ఎల్లాల, ఆ ఒక్కటీ ఏసీ మేస్త్రీ" అంటాడు యజమాని. ఎదుటివాడికీ ఆ తొందర తెలియనిది కాదు. కాని తుప్పుపట్టిన నట్టును పానాతో లాగి గుంజితే, ఒకటి విరిగిన చోట మూడు విరుగుతాయి. అనుభవశాలి ముందు తుప్పునూనె పోసి రాత్రంతా నానబెడతాడు. బయట కొస మిగిలిన స్టడ్డుకు రెండు నట్లు ఎక్కించి, ఒకదానికొకటి బిగించి, లోపలి నట్టును వెనుకకు త్రిప్పితే స్టడ్డు ఊడివస్తుంది. హెడ్డుతో సమంగా విరిగినదానిపై నట్టునుంచి వెల్డింగు చేస్తాడు. కరిగిన ఉక్కు అల్యూమినియముకు అంటుకోదు. ఆ వేడికి తుప్పు పట్టు సడలుతుంది. ఇదీ ఫలించకపోతే డ్రిల్లే గతి. అది నడిమధ్య దిగక ప్రక్కకు జారిందా, మెత్తని హెడ్డులో మరలు పోయి, క్రొత్త మరచుట్టు వేయక తప్పదు. (మర అన్న మాటకూ మరమ్మతు అన్న మాటకూ చుట్టరికమున్నట్లు తోస్తుంది గాని, లేదు, రెండవది అరబ్బీ నుండి వచ్చినది.)

అసలు పరీక్ష తర్వాతిది. ఊడదీసిన మానిఫోల్డుపై తిన్నని ఉక్కుబద్ద నిలిపి అడుగున వెలుతురు కనబడుతున్నదేమో చూడాలి. వంగినదాన్ని చదును చేయించకుండా బిగిస్తే క్రొత్త స్టడ్డు కూడా విరుగుతుంది. ఒక్క స్టడ్డు మార్చి పంపేవాడికి పని సులువు, పదిరోజులకు మళ్ళీ బేరం కూడా. హరిశ్చంద్రుని పేరిటి ఊరి దగ్గర ఆ మాట చెప్పడానికి కొంచెం సిగ్గుగానే ఉంటుంది.

టర్బోను పట్టి ఉంచే మూడు నాలుగు స్టడ్డులు మరీ వేడిలో ఉంటాయి, టర్బో బరువు కూడా మోస్తాయి. వాటినీ అప్పుడే మార్చడం తెలివి. టర్బో నోటికి శుభ్రమైన గుడ్డ కట్టాలి. అందులో ఒక చిన్న వాషరు పడినా చక్రపు రెక్కలు మిగలవు. క్రొత్త స్టడ్డును హెడ్డులోకి చేతితో దింపితే చాలు. గాస్కెట్టు క్రొత్తది. నట్లు మధ్య నుండి కొసలకు, రెండు మూడు విడతలుగా, కొలతపానాతో బిగించాలి. మానిఫోల్డు రంధ్రాలు స్టడ్డు కన్న కాస్త పెద్దవిగా ఉండేది అది సాగి జరగడానికే. బలమున్నది గదా అని బిగిస్తే ఆ జరుగుబాటు పోతుంది. చివరకు టర్బో నూనెదారిలో కొంచెం నూనె పోస్తారు.

ఇంత జరిగేసరికి మర్నాడు మధ్యాహ్నమవుతుంది. పొద్దుటి వాయిదాకు రోగి ఇంకొకరి బండిలో వెళ్ళాడు. దానికి మేస్త్రీయే ఫోను చేసి మాట్లాడిపెట్టాడు. సాయంకాలం కారు కోటబొమ్మాళి దాకా పోయి తిరిగివచ్చినది. అది చల్లారేదాకా మేస్త్రీ బీడీ కాల్చుకొంటూ కూర్చుని, పిదప కొలతపానా తీసుకొని ప్రతి నట్టునూ మరొకసారి చూశాడు. కొసదానికి మాత్రం పావు చుట్టు పట్టినది.