చద్దిమూట... ఇటాలియన్ స్టైల్లో!

"ఒరేయ్, రేపు నీకో హీరోని చూపిస్తాను" అన్నాడు మా పెదనాన్నగారి అబ్బాయి. సినిమా పత్రికలకు రాసుకు బతికేవాణ్ణి, హీరో అంటే చెవులు నిక్కబొడుచుకోవూ? కెమెరా సర్దుకుని ఎడిసన్ నుంచి న్యూయార్క్ దాకా వెంట వెళ్ళాను. తీరా అక్కడ నా ముందు పెట్టింది మూరెడు రొట్టె!

నవ్వకండి. న్యూయార్క్‌లో దాని పేరే 'హీరో'. అదే శాల్తీ ఫిలడెల్ఫియాలో 'హోగీ', న్యూజెర్సీలో 'సబ్', న్యూ ఇంగ్లండ్‌లో చాలాచోట్ల 'గ్రైండర్'. ఒక్క నటుడికి ఊరికో స్క్రీన్ నేమ్ అన్నమాట!

ఇంతకీ ఏమిటిది? పొడవాటి రొట్టెని నిలువునా చీల్చి, ఉప్పులో ఊరి ఆరిన మాంసం పల్చటి ముక్కలు, ప్రొవొలోన్ చీజ్, టొమాటో, ఉల్లి, లెట్యూస్ పేరుస్తారు. పైన ఆలివ్ నూనె, వెనిగర్, కాస్త ఒరెగానో. పొయ్యితో పనిలేదు. చల్లగానే తినాలి. మాంసం చాలావరకు పంది మాంసమే. శాకాహారులు వేయించిన మిరపకాయలు, తాజా మొజరెల్లా పెట్టించుకోవచ్చు. నేనదే తిన్నాను. బావుంది!

రాకీ పరిగెత్తిన వీధి

1976లో వచ్చిన 'రాకీ' గుర్తుందా? సిల్వెస్టర్ స్టాలోన్ బజారులోంచి పరిగెడుతుంటే ఎవరో బత్తాయి లాంటి పండు విసురుతారు చూడండి, అదే ఫిలడెల్ఫియా తొమ్మిదో వీధి ఇటాలియన్ మార్కెట్. ఆ వీధిలోనే 1918 నాటి సార్కోన్స్ బేకరీ. నువ్వులద్దిన ఆ రొట్టె పైన కరకర, లోపల మెత్తన. హోగీకి ప్రాణం రొట్టేనంటారు అక్కడివాళ్ళు. 1992లో హోగీని తమ నగరపు అధికారిక శాండ్‌విచ్‌గా ప్రకటించుకున్నారు కూడా!

మెయిన్ రాష్ట్రంలోని పోర్ట్‌లండ్‌లో దీన్ని ఉత్తినే 'ఇటాలియన్' అంటారు. 1902లో జొవాన్నీ అమాటో అనే బేకరీ ఆయన రేవులో పనిచేసే కూలీల కోసం మొదలుపెట్టాడట. మెత్తటి బన్ను, హామ్, చీజ్, పచ్చి క్యాప్సికమ్, ఊరబెట్టిన దోస, ఆలివ్‌లు. ఆయన పేరుతో దుకాణాలు ఇప్పటికీ నడుస్తున్నాయి.

ఇక న్యూ ఆర్లియన్స్‌ది మరో అవతారం. మార్లన్ బ్రాండో 'ఎ స్ట్రీట్‌కార్ నేమ్డ్ డిజైర్' కథ జరిగే ఊరది. అక్కడ రొట్టె గుండ్రం, పేరు 'మఫులెట్టా'. తరిగిన ఆలివ్‌ల పచ్చడి దట్టించి కాసేపు ఉంచితే నూనె రొట్టెలోకి ఇంకుతుంది. డెకేటర్ వీధిలో సిసిలీ నుంచి వచ్చిన సాల్వటోర్ లూపో 1906లో పెట్టిన సెంట్రల్ గ్రోసరీ దీనికి పుట్టిల్లు. 2021లో ఐడా తుపానుకి దెబ్బతిని మూతపడి, 2024 చివర్లో మళ్ళీ తలుపులు తెరిచింది. ఒక్కడే వెళితే సగం చాలు. పూర్తిది తెప్పించుకుంటే తోడుగా ముగ్గుర్ని పిలుచుకోవాలి!

సగం మధ్యాహ్నం, సగం రాత్రి

చివరగా అట్లాంటిక్ సిటీ. 1946 నాటి వైట్‌హౌస్ సబ్ షాప్. గోడల నిండా తారల ఫోటోలే. గాయకుడు, నటుడు ఫ్రాంక్ సినాట్రాకి ఈ సబ్‌లంటే ఇష్టమట. నేను ఫోటోలు చూస్తూ కూర్చుంటే అన్నయ్య తన సబ్‌లో సగం తిని, మిగతా సగం జాగ్రత్తగా కాగితంలో చుట్టాడు.

"అదేమిట్రా అన్నయ్యా, తినేయరాదూ?" అన్నాను.

"అలవాటైపోయిందిరా. 2009లో నా ఉద్యోగం పోయింది. ఏడు నెలలు. గ్రీన్ కార్డు ఉంది కనక ఇక్కడే ఉండగలిగాను. రోజూ ఒక సబ్. సగం మధ్యాహ్నం, సగం రాత్రి. చల్లారిపోతుందన్న బెంగ లేదు, ఎప్పుడూ చల్లనిదే కదా!"

నవ్వుతూనే చెప్పాడు. నాకు మాత్రం ముద్ద దిగలేదు. ఊళ్ళో బడికి వెళ్ళేటప్పుడు పెద్దమ్మ మా ఇద్దరికీ చద్దన్నంలో పెరుగు కలిపి, ఆవకాయ బద్ద వేసి కట్టిచ్చేది. ఇదీ అదేగా? దేశం కాని దేశం వచ్చి కాయకష్టం చేసేవాళ్ళ చద్దిమూట!

"పెదనాన్నకి తెలుసా?"

"ఆ ఏడు నెలలూ ప్రతి ఆదివారం ఫోన్లో 'ఆఫీసు బావుంది నాన్నా' అనేవాణ్ణి. ఇప్పటికీ చెప్పలేదు."

కాసేపాగి తనే అన్నాడు: "నువ్వు రాసెయ్. ఆయన నీ పత్రిక మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుతాడు. నోటితో చెప్పడం నా వల్ల కావడంలేదు."

రాసేశాను. పెదనాన్నగారూ, ఇది చదివాక ఈ ఆదివారం ఫోన్ మీరే చెయ్యండి. ఆఫీసు సంగతి అడక్కండి. ఏం తిన్నావని అడగండి, చాలు.