నీటిక్రింది నగరము – ఇక్ష్వాకు రాణుల కానుకలు

ప్రాచీన కట్టడములపై నూతన భవనములు లేచుట లోకమున క్రొత్తగాదు. లండను నగరమున గిల్డుహాలు అను పురమందిరముచెంత చిత్రశాలను కట్టుటకై నేల త్రవ్వుచుండగా, 1988 లో రోమనులనాటి క్రీడారంగపు గోడలు బయల్పడెను. అచ్చటివారు వానిని పూడ్చివేయక, చిత్రశాల నేలమాళిగయందే భద్రపఱచి, 2002 నుండి జనులకు చూపుచున్నారు. పైన చిత్తరువులు, క్రింద పురాతనశిలలు! ఇది విని, మనకిట్టివి లేవుగదా యనుకొను సోదరీమణులు ఒక్కసారి నాగార్జునకొండకు పోయి రావలెను. అచ్చట మన పూర్వుల నగరముపై నిలిచినది మేడ కాదు, జలాశయము.

తొర్రూరునుండి మేము కొందఱము స్త్రీలము, పిల్లలతోగూడ, సూర్యాపేట మీదుగా నాగార్జునసాగరము చేరి, కుడిగట్టున లాంచి యెక్కితిమి. కనుచూపుమేర నీరే. ఆ నీటి యడుగుననే క్రీస్తుశకము మూడు నాలుగు శతాబ్దములలో ఇక్ష్వాకు రాజులకు రాజధానియైన విజయపురి యుండెను. 1926 లో ఏ. ఆర్. సరస్వతి గారు ఈ లోయలోని శిథిలములను లోకమునకు తెలిపిరి. 1955 డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ గారు ఆనకట్టకు పునాదిరాయి వేసిరి. లోయ మునుగునని తెలిసి పురావస్తుశాఖవారు 1954 మొదలు 1960 వఱకు వందకుపైగా తావులలో త్రవ్వకములు సాగించిరి. ముఖ్యములైన కొన్నిటిని ఱాయి ఱాయిగా, ఇటుక యిటుకగా విప్పి, కొండమీదను, తూర్పుగట్టున అనుపునందును మరల నిలిపిరి. 1967 లో కాలువలకు నీరు వదలిరి. నాటి కొండ నేడు దీవి.

కొండమీది ప్రదర్శనశాల బౌద్ధవిహారపు ఆకారమున కట్టబడినది. అందలి శిల్పములకంటె శాసనములు మమ్మెక్కువగా నిలువరించినవి. ఈ నగరమున బౌద్ధమునకు పెద్ద కానుకలిచ్చినవారిలో స్త్రీలే ప్రధానులు. రాజులు వైదికయజ్ఞములు చేయుచుండ, వారి యింటి ఆడుబిడ్డలు, కోడండ్రు చైత్యములకు స్తంభములెత్తించిరి. వీరపురుషదత్తుని యాఱవ రాజ్యసంవత్సరమున అతని మేనత్త చాంతిశ్రీ మహాచైత్యమునకు స్తంభములు నిలిపెను. ఆ పుణ్యమును ఆమె తనకొక్కతెకే కోరలేదు. ఉభయకులములలో గతించినవారికి, ఉన్నవారికి, ఇకముందు పుట్టువారికి కూడ ధారపోసినది. పుట్టినింటిని, మెట్టినింటిని ఒక్కరీతిగా తలచిన ఆ తల్లి మాటను, పదునేడువందలయేండ్లు గడచినను, మన యింటి పెద్దముత్తైదువ పలికినట్లే గ్రహించితిమి.

బోధిశ్రీ రాణి కాదు, ఒక గృహస్థురాలు. సింహళదేశపు భిక్షువులకై ఆమె చైత్యగృహము కట్టించెను. శాసనమున తన బంధువుల పేర్లన్నియు చెప్పించి, అన్యస్థలములలో తానిచ్చిన చెఱువును, భిక్షువుల గదులను, కంటకసేలయందు కట్టించిన ఱాతిమండపమును కూడ వ్రాయించినది. ఆ కంటకసేల నేటి ఘంటసాలయని పండితులందురు. టాలెమీ అను గ్రీకు భూగోళవేత్త రెండవ శతాబ్దముననే దానిని రేవుపట్టణముగా పేర్కొనెను. నాగార్జునకొండలో రోమనుల బంగారునాణెములును దొరకినవి. లండనులో ఆ క్రీడారంగమును కట్టిన సామ్రాజ్యమునకును మన కృష్ణాతీరమునకును నాడే వర్తకసంబంధమున్నదనుట కవి సాక్ష్యములు.

అనుపులో నాలుగువైపులను మెట్లవరుసలుగల ప్రేక్షాగృహమును చూచి పిల్లలు సంతోషించిరి. చెంతనే హారీతి యాలయమున్నది. పరుల బిడ్డలను తిను ఆ యక్షిణి, బుద్ధదేవుడు తన బిడ్డను దాచగా కడుపుకోత యెట్టిదో యెఱిగి, పిల్లలకు కాపరియైనదని బౌద్ధులు చెప్పుదురు.

ఆనకట్టవలన లక్షల ఎకరములకు నీరు వచ్చెను. మన కంచములలోని అన్నమున దాని పాలున్నది. అందులకై లోయలోని గ్రామములవారు ఇండ్లు విడిచిరి. పెక్కు శిథిలములు నీటిలోనే యుండిపోయెను. అన్నమా, ఱాళ్లా యన్నచో ఏ తల్లియు అన్నమునే కోరును. కాని ముంపునకు ముందు కొందఱు శ్రద్ధతో పాటుపడుటచేతనే చాంతిశ్రీ, బోధిశ్రీల కట్టడములు మనకు కొన్నియైన దక్కినవి. ఆ శ్రద్ధ మన యూళ్లలో నున్నదా?

తొర్రూరున్న మహబూబాబాదు జిల్లాలోనే బయ్యారపు చెఱువున్నది. కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ దానిని త్రవ్వించి శాసనము వేయించెను. కాకతీయుల వంశక్రమమును తెలుపు ముఖ్యమైన ఆధారములలో అదియొకటి. ఇట్టి ఱాళ్లు ఎన్నియూళ్ల పొలిమేరలలోనో పడియున్నవి. కొన్ని చాకిరేవుబండలగుచున్నవి, కొన్ని సున్నపుపూతలక్రింద అక్షరములు కోల్పోవుచున్నవి. వానిని కాపాడుటకు పాండిత్య మక్కఱలేదు. అక్షరములున్న బండపై బట్టలుదుకకుండుట, సున్నము పూయనీయకుండుట, పురావస్తుశాఖవారికి కబురంపుట – ఇవి గృహిణులు చేయదగిన పనులే. ఆ యక్షరములలో మన పూర్వపు ఆడుబిడ్డ పేరొకటి యుండవచ్చును.