మత్తు డాక్టరు వద్ద దాచరాని సంగతి

హెర్నియా ఆపరేషనుకై కుప్పం వెళ్లనున్న ఒక రైతు మా రామకుప్పంలో నా వద్దకు వచ్చి, "సామీ, జిగట విరేచనాలకు మీరిచ్చిన జాతీఫలాది చూర్ణం సంగతి ఆడ చెప్పల్నా?" అని అడిగినాడు. తప్పక చెప్పవలెనంటిని. ఆ చూర్ణములో జాజికాయతోబాటు భంగి, అనగా గంజాయి ఆకు, కలదు. మన శాస్త్రమున దానికి విజయ యని పేరు. కొంత తటపటాయించి, రాత్రిళ్లు గంజాయి పీల్చు అలవాటు కూడ ఉన్నదని తల వంచుకొని ఒప్పుకొన్నాడు. ముందుగా చెప్పవలసినది అదే!

నిత్యము గంజాయి సేవించువారికి మత్తుమందు మామూలు మోతాదు చాలకపోవచ్చును. ఆపరేషను తరువాత నొప్పియు హెచ్చుగా నుండవచ్చును. పీల్చిన తొలి గంటలలో గుండె వేగము పెరుగును, గుండెపోటు భయము కూడ కలదు. అందుచేతనే 2023లో అమెరికా మత్తువైద్యుల సంఘమొకటి, ప్రతి రోగిని ఈ అలవాటును గూర్చి అడుగవలెననియు, పీల్చి వచ్చినచో అత్యవసరము కాని ఆపరేషనును కనీసము 2 గంటలు ఆపవలెననియు సూచించినది.

శస్త్రకర్మకు ముందు భోజనమిడి, అలవాటున్నవానికి మద్యమిమ్మని సుశ్రుతము చెప్పును. అది నేటి మత్తుసూదులు లేని కాలపు మాట. నేడు వైద్యుడు చెప్పినన్ని గంటలు ఉపవాసముండవలెను. ధైర్యము కొరకు భంగి ఉండ మింగి పోరాదు. మింగినది ఆలస్యముగా తలకెక్కును, అప్పటికి రోగి బల్లపై నుండవచ్చును.

చూర్ణము పేరు, మోతాదు, ఎన్నేండ్ల అలవాటు, చివరిసారి ఎప్పుడు పీల్చినది, అన్నియు చీటీపై వ్రాసి ఇచ్చితిని. మడిచి చొక్కా జేబులో పెట్టుకొన్నాడు.