పాత లాప్‌టాప్‌కి ఏ లినక్స్?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆగిపోయింది. విండోస్ 11కి కనీసం 4 జీబీ ర్యామ్, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, ఇంచుమించు 2018 తర్వాతి ప్రాసెసర్ కావాలి. ముంబై కామాటిపుర చాళ్లలో పిల్లల చదువు కోసం కొన్న సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్‌కి ఇవన్నీ ఎక్కడి నుంచి వస్తాయి? ‘ఇక పనికిరాదు, కొత్తది తీసుకోండి’ అని ఎవరైనా అంటే తొందరపడకండి. విండోస్ బదులు తేలికపాటి లినక్స్ వేస్తే ఆ మిషనే ఇంకొన్నేళ్లు పనిచేస్తుంది. పైగా లినక్స్ ఉచితం.

లినక్స్‌లో రకాలు వందల్లో ఉన్నాయి. వాటినే డిస్ట్రోలు అంటారు. పేర్లు చూసి కంగారు పడక్కర్లేదు. ముందు మన మిషన్ సంగతి రెండు ముక్కల్లో తెలుసుకోవాలి: ర్యామ్ ఎంత, ప్రాసెసర్ 32 బిట్లదా, 64 బిట్లదా. కోర్ 2 డుయో, ఆ తర్వాత వచ్చిన కోర్ ఐ3, ఐ5లు 64 బిట్లవి. ఒకప్పటి బుల్లి నెట్‌బుక్‌లలో వచ్చిన ఆటమ్ ఎన్270 మాత్రం 32 బిట్లదే.

4 జీబీ ర్యామ్ ఉంటే లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ వేసుకోండి. విండోస్‌కి అలవాటు పడిన చేయికి ఇదే సులువు. 2 జీబీయే ఉంటే లుబుంటు, అదీ బరువనిపిస్తే యాంటీఎక్స్. 1 జీబీ దగ్గర ఆగిపోయిన మిషన్‌కి యాంటీఎక్స్, లేదా మొత్తంగా ర్యామ్‌లోనే నడవగల పప్పీ లినక్స్. 32 బిట్ల వాళ్లకి దారి ఇరుకైపోతోంది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 ఆ ప్రాసెసర్లకి ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానేసింది. ఫైర్‌ఫాక్స్ కూడా 144వ వెర్షన్ తర్వాత 32 బిట్ల లినక్స్‌ని వదిలేసింది. అలాంటి మిషన్‌ని టైపింగుకి, పాటలకి ఉంచుకోండి, బ్యాంకు పనులకి వద్దు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. డిస్ట్రో ఎంత తేలికైనా బ్రౌజర్ తేలిక కాదు. యాంటీఎక్స్ తెరవగానే వాడుకునే ర్యామ్ కొద్దే, కానీ ఫైర్‌ఫాక్స్‌లో యూట్యూబ్, జీమెయిల్ పక్కపక్కన పెడితే 2 జీబీ ఇట్టే నిండిపోతుంది. ట్యాబ్‌లు రెండు మూడు మించనివ్వకండి. కాస్త డబ్బు పెట్టగలిగితే పాత హార్డ్ డిస్క్ తీసి చిన్న ఎస్‌ఎస్‌డీ వేయించండి. డిస్ట్రోలు ఎన్ని మార్చినా రాని వేగం దాంతో వస్తుంది.  కామాటిపుర నుంచి నడిచి వెళ్లే దూరంలోనే లామింగ్టన్ రోడ్డు ఎలక్ట్రానిక్స్ బజారు ఉంది. అక్కడ ర్యామ్ కూడా కొనాలనుకుంటే మీది డీడీఆర్2యో, డీడీఆర్3యో చూసుకుని వెళ్లండి. ఒకదాని చోట ఇంకొకటి పట్టదు.

ఇన్‌స్టాల్ చేయకముందే పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూడొచ్చు. డౌన్‌లోడ్ చేసుకున్న డిస్ట్రో ఐఎస్ఓ ఫైలుని రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, లాప్‌టాప్ ఆన్ చేస్తూ ఎఫ్12 నొక్కితే చాలా మిషన్లలో బూట్ మెనూ వస్తుంది. కొన్ని కంపెనీల వాటిలో అది ఎఫ్9, ఇంకొన్నిట్లో ఎస్కేప్. అలా తెరిచాక ముందు వైఫై చూడండి, తర్వాత స్పీకరు, వెలుతురు పెంచే మీటలు. పాత బ్రాడ్‌కామ్ వైఫై చిప్‌లు వెంటనే అందుకోకపోవచ్చు. అప్పుడు ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే నెట్ వస్తుంది, దాంతో డ్రైవర్ దించుకోవచ్చు.

తెలుగు సంగతి మరిచిపోవద్దు. ముంబై కార్పొరేషన్ బడుల్లో తెలుగు మాధ్యమం కూడా ఉంది. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలకి తెరమీద తెలుగు కనబడాలి. చిన్న డిస్ట్రోల్లో తెలుగు అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు కనిపిస్తే ఫాంట్ లేదని అర్థం. డెబియన్, ఉబుంటు కుటుంబాల్లో ‘ఫాంట్స్-టెలు’ అనే ప్యాకేజీ వేస్తే పోతన, వేమన ఫాంట్లు వస్తాయి. ‘ఐబస్-ఎం17ఎన్’ కూడా వేసుకుంటే ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టి తెలుగు రాయొచ్చు.

అంతా సరిపోయిందనుకున్నాకే ఇన్‌స్టాల్ నొక్కండి. దానికి ముందు పెళ్లి ఫొటోలు, రేషన్ కార్డు, స్కూలు సర్టిఫికెట్ల స్కాన్లు వేరే డ్రైవ్‌లోకి తీసి పెట్టుకోండి. డిస్క్ మొత్తం చెరిపేయమని ఒప్పుకున్నాక అవి తిరిగి దొరకవు.