వాన ఇవ్వని గాలి కరెంటిస్తోంది

నైరుతి గాలి తన తడిలో ఎక్కువ భాగాన్ని పడమటి కనుమల మీదే కురిపించేస్తుంది. అక్కడి నుంచి హిందూపురం, పెనుకొండ, ధర్మవరం దాకా వచ్చేసరికి మిగిలేది ఎర్రమట్టిని లేపే పొడిగాలి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకునే ఈ సీమ ఆషాఢంలో మబ్బు కోసం చూస్తుంటే, ఆ గాలి కొండల నెత్తిన హోరెత్తుతుంటుంది.

ఏ కొండ మీద ఎంత గాలి వీస్తుందో కొలిచి చెప్పే పనికి మన దేశంలో గట్టి పునాది వేసింది వాతావరణ శాస్త్రవేత్త అన్నా మణి. 1983లో డి.ఎ. మూలేతో కలిసి దేశపు గాలి లెక్కలను పుస్తకంగా తెచ్చారు. ఆ తర్వాత బెంగళూరు నుంచి దేశమంతా గాలి సర్వే నడిపించారు. ఈ సీమలో మొదటి తరం గాలిమరలు 1990లలో రామగిరి కొండలెక్కాయి. ఒకప్పుడు బంగారు గనులు నడిచిన రామగిరే అది. అప్పటి మరలు చిన్నవి, 200, 250 కిలోవాట్ల తరగతివి. మెల్లగా తిరిగే రెక్కల వేగాన్ని గేర్‌బాక్స్ ఎన్నో రెట్లు పెంచి జనరేటర్‌కు అందించేది. గాలి విసురు ప్రతిసారీ గేరు పళ్ల మీదే పడేది.

ఆ గేర్లనే తీసేయాలని పట్టుబట్టినవాడు జర్మనీ ఇంజనీరు ఆలోయిస్ వోబెన్. ఆయన స్థాపించిన ఎనర్కాన్ 1993లో గేరు లేని ఇ-40ని తెచ్చింది. రెక్కల ఇరుసుకే వెడల్పాటి వలయంలాంటి జనరేటర్‌ను తగిలించి, దాని చుట్టూ అయస్కాంత ధ్రువాల సంఖ్యను బాగా పెంచితే మెల్లగా తిరిగినా కరెంటు పుడుతుంది. గాలిని బట్టి ఆ కరెంటు ఫ్రీక్వెన్సీ మారుతుంటుంది కాబట్టి ముందు డీసీగా మార్చి, తిరిగి 50 హెర్ట్జ్ ఏసీగా చేసి లైనుకు ఎక్కిస్తారు.

2010ల మొదట్లో పెనుకొండ చుట్టుపక్కల నల్లకొండ ప్రాజెక్టులో ఇలాంటి గేరు లేని మరలే 63 లేచాయి. ఒక్కొక్కటి 800 కిలోవాట్లు, మొత్తం 50.4 మెగావాట్లు. ఈ అంకెను జాగ్రత్తగా చదవాలి. గాలి వేగం రెట్టింపైతే అందులోని శక్తి ఎనిమిదింతలవుతుంది, సగానికి పడితే ఎనిమిదో వంతే మిగులుతుంది. అందుకే ఏడాది సగటున మర తన పూర్తి శక్తిలో పావు వంతు ఇచ్చినా మంచి లెక్కే. ఆ పావు వంతుతోనే ఒక్క 800 కిలోవాట్ల మర ఏడాదికి సుమారు పదిహేడున్నర లక్షల యూనిట్లు ఇస్తుంది. నిండుగా తిరిగే వేళ ఐదు హార్స్‌పవర్ బోరు మోటర్లు నూటయాభైకి పైగా నడుస్తాయి.

సరఫరాలో గాలికున్న అసలు విలువ అది వచ్చే వేళలో ఉంది. నంబులపూలకుంట, పావగడ సోలార్ పార్కులు మబ్బు పట్టినప్పుడు తగ్గుతాయి, పొద్దు గూకితే ఆగిపోతాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆ వెలితిని రాత్రిపూట కూడా వీచే గాలి చాలావరకు పూడుస్తుంది. మార్చి, ఏప్రిల్‌లో మాత్రం వాడకం పెరిగినా మరలు చాలాసేపు ఊరికే నిలబడతాయి. ఆగస్టులో శ్రీశైలం నిండిందంటే నీటి కరెంటూ, గాలి కరెంటూ ఒకేసారి వచ్చిపడతాయి, థర్మల్ కేంద్రాలు ఉత్పత్తిని తగ్గించుకోవాలి. పాణ్యం దగ్గరి పిన్నాపురంలో ఎగువకు నీళ్లు తోడి కరెంటును దాచే ప్రాజెక్టు అవసరం ఇక్కడే తెలుస్తుంది.

అయితే నల్లకొండ ఖాళీ కొండ కాదు. రికార్డుల్లో బంజరుగా ఉన్న ఆ బోడికొండలను 1990ల నుంచి టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ తోడ్పాటుతో చుట్టుపక్కల పల్లెలవాళ్లు కాపాడి, గడ్డీ ఈతచెట్లూ తిరిగి పెరిగేలా చేసుకున్నారు. అదే కల్పవల్లి. గొర్రెలకు మేత, తోడేళ్లకు చోటు. మరల కోసం కొండ నెత్తి దాకా బాటలు తొలిచినప్పుడు చెట్లు పోయాయి, మట్టి వదులై జారింది. వివాదం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నిబంధనల్లో పవన విద్యుత్తు లేకపోవడం పెద్ద లోపమని నా నమ్మకం. కరెంటు శుభ్రమైనదైనంత మాత్రాన బాట వేసిన కొండ చెక్కుచెదరకుండా ఉండదు.

మరల ఆయుష్షు ఇరవై, పాతికేళ్లు. పాతవి తీసి పెద్దవి పెట్టుకొనే రీపవరింగ్ విధానాన్ని కేంద్రం 2016లో తెచ్చింది. తక్కువ మరలతో అంతే కరెంటు వస్తే కొన్ని బాటలను మళ్లీ గడ్డికి వదిలేయొచ్చు. పెద్ద రెక్కలు మోసే లారీలకు ఇంకా వెడల్పు దారి కావాలన్నదీ నిజమే. నల్లకొండకు ఆ వంతు వచ్చినప్పుడు ఏ బాట ఉంచాలో, ఏది మూసేయాలో మొదట అడగాల్సింది కల్పవల్లి పల్లెలనే.