కందుకక్రీడయు మన బాలికలును

2008వ సంవత్సరమున మా శంషాబాదునందు అంతర్జాతీయ విమానాశ్రయము వెలసిన నాటినుండియు, రేయింబవళ్లు మా యిండ్లమీదుగా విమానములు పోవుచునే యున్నవి. చదువులకు పోవు కుమారులను, ఉద్యోగములకు పోవు అల్లుండ్రను, మనుమల జూడబోవు ముదుసలి తల్లులను మేము నిత్యము చూచుచున్నారము. బంతియాటకై ఆడపిల్లలు పరదేశమునకు పోవుదురనినచో మన అమ్మమ్మలు నమ్మియుందురా? అయినను 2025వ సంవత్సరమున మన దేశపు బాలికలు ఫుట్‌బాలు ఆడుటకు థాయిలాండునకు పోయిరి, గెలిచి వచ్చిరి. ఆ ముచ్చట మీకు విన్నవింపవలెనని మా కోరిక.

ఆసియాఖండపు స్త్రీల ఫుట్‌బాలు పోటీ 2026 మార్చి నెలకు ఆస్ట్రేలియా దేశమున నియమింపబడెను. అందు పండ్రెండు జట్లకే చోటు. ఆతిథ్యమిచ్చు ఆస్ట్రేలియాకును, వెనుకటి పోటీలో ముందు నిలిచిన చైనా, దక్షిణ కొరియా, జపాను దేశములకును నాలుగు స్థానములు పోగా, మిగిలినవి ఎనిమిది. వానికై ముప్పదినాలుగు దేశములు పోటీపడెను. ఆ దేశములను ఎనిమిది వర్గములుగా విభజించి, ప్రతి వర్గమునందును మొదటి జట్టునకు మాత్రమే ప్రవేశ మనిరి. రెండవ స్థానమునకు ఫలము శూన్యము.

మన వర్గమున థాయిలాండు, ఇరాకు, మంగోలియా, తూర్పు తిమోరు జట్లుండెను. ఆటలన్నియు థాయిలాండులోని చియాంగ్ మై నగరముననే జరిగెను. గెలిచినచో మూడు గుణములు, సమమైనచో ఒకటి, ఓడినచో ఏమియు లేదు. గుణములు సమమైనపుడు, వేసిన గోలులనుండి పడిన గోలులను తీసివేసిన లెక్కయు చూడవలసి రావచ్చును. కావున బలహీనులపై గెలిచిన చాలదు. ఎంత అధికముగా గెలిచిన నంత మేలు.

మనవారు జూను 23న మంగోలియాపై పదమూడు గోలులు, 29న తిమోరుపై నాలుగు, జూలై 2న ఇరాకుపై అయిదు గోలులు వేసిరి. తమపై ఒక్కటియు పడనీయలేదు. మొదటి ఆటలో ప్యారీ ఖాఖా ఒక్కతెయే అయిదు గోలులు వేసెను. కాని థాయిలాండును అట్లే గెలిచి యుండుటచే, కడపటి ఆటనాటికి రెండు జట్ల లెక్కయు సమముగా నిలిచెను. ఇక ఆ యొక్క ఆటయే సర్వమును తేల్చవలసి వచ్చెను. ప్రపంచ శ్రేణిలో వారిది నలుబదియారవ స్థానము, మనది డెబ్బదియవది. పైగా ఆట వారి గడ్డమీద, వారి ప్రజల నడుమ.

జూలై 5న పశ్చిమ వంగమునకు చెందిన సంగీతా బాస్ఫోర్ మొదటి గోలు వేసెను. విరామము ముగిసినంతనే థాయిలాండువారు సమము చేసిరి. పిమ్మట డెబ్బదినాలుగవ నిమిషమున సంగీతయే రెండవ గోలు వేసెను. రెండింటికి ఒకటిగా మనవారు గెలిచిరి. అర్హతాపోటీలలో నెగ్గి ఈ ఆసియా పోటీకి మన స్త్రీలు చేరుట ఇదియే మొదటిసారి. 2022లో పోటీ మన దేశముననే జరిగినను, జట్టులో కోవిడు వ్యాపించుటచే నడుమనే విరమింపవలసి వచ్చెను. ఆ దుఃఖము నెరిగినవారికి ఈ విజయపు విలువ తెలియును.

ఈ జట్టున మన తెలుగు బిడ్డయు కలదు. ఆమె నిజామాబాదు జిల్లాకు చెందిన గుగులోతు సౌమ్య. 2022లో క్రొయేషియా దేశమునకు పోయి డినమో జాగ్రెబ్ సంఘమున చేరెను. పిదప కలకత్తాలోని ఈస్ట్ బెంగాల్ పక్షమున ఆడి, 2024-25లో దేశీయ స్త్రీల లీగును గెలిచిన జట్టులో నుండెను. 2025లో అఖిల భారత ఫుట్‌బాలు సమాఖ్య ఆమెను ఆ యేటి ఉత్తమ క్రీడాకారిణిగా సన్మానించెను.

ఈ యాటకు హైదరాబాదు క్రొత్తది కాదు. 1951లోను 1962లోను ఆసియా క్రీడలలో మన పురుషుల జట్టునకు స్వర్ణము తెచ్చిన శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం ఈ నగరమువాడే. 1956 మెల్బోర్ను ఒలింపిక్సునందు మన జట్టు నాలుగవ స్థానమున నిలుచుటయు ఆయన శిక్షణముననే. ఆయన వృత్తిచే బడిపంతులు. బడిపంతులు ఇల్లాలినైన మాకు ఆ మాట తలచినపుడెల్ల గర్వము కలుగును. మైదానమునకు మూలము పాఠశాలయే కదా!

అయితే పాఠశాలలో మైదానమున్నంత మాత్రమున మన బాలికలకు చోటు దొరకునా? పండ్రెండేండ్లు నిండినంతనే, "ఇక ఆటలు చాలు, ఇంటికి రా" యని పిలుచుచున్నది ఎవరు? తండ్రులకంటె ముందు తల్లులమైన మనమే. రంగు మాయునని, కాలు విరుగునని, పెండ్లి కుదరదని మన భయములు. గాయములు కలుగుట నిజమే. కాని అవి మగపిల్లలకును కలుగును. వారి నందుకై మనము ఆపుచున్నామా? కావ్యములలో కన్యలు కందుకక్రీడ సల్పిరని కవులు ముచ్చటగా వర్ణించిరి. నరకునితో పోరున సత్యభామ విల్లు పట్టినదని భాగవతమున చదివి మురియుచున్నాము. పురాణమున ఒప్పినది మన పెరటిలో ఏల ఒప్పకుండవలెను?

మన బిడ్డలందరును సౌమ్యలు కానక్కరలేదు. దినమునకొక గంట పరుగిడిన బిడ్డకు ఆకలియు, నిద్రయు, ధైర్యమును కలుగును. ఓడి మరునాడు మరల ఆడుట నేర్చిన పిల్ల రేపు సంసారపు చిక్కులకు జంకదు. బడికి పోయినపుడు మార్కులతోపాటు, ఆడపిల్లల ఆటకు ఏ వేళ నియమించిరో కూడ అడుగుడు. సరియైన జోళ్లు కొనిపెట్టుడు. నెలసరి దినములలో విశ్రాంతి కోరిన ఇండు. అది నెపముగా ఆట మాన్పింపకుడు. అన్నకు పెట్టు పాలు, గ్రుడ్డు, పప్పు చెల్లెలికిని సమముగా పెట్టుడు.

చియాంగ్ మైలో గెలిచిన ప్రతి పిల్ల వెనుకను, ఏదో యొక సాయంకాలమున ఆమెను ఇంటికి పిలువక ఆడనిచ్చిన వా రొకరుందురు. మన వీథిలో ఆ వ్యక్తి మనమే కావలెనని మా ప్రార్థన.